బతుకమ్మ పేర్పు: తల్లీబిడ్డల ఉమ్మడి సృజన - విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

బతుకమ్మపై వెలువడిన పరిశోధనలో పాటకు, పుట్టుకథకు, సామాజిక ప్రతీకకు దక్కిన ప్రాధాన్యం బతుకమ్మను పేర్చే ప్రక్రియకు దక్కలేదు. పూలు ఏరడం మొదలు సాగనంపడం వరకు సాగే ఈ ప్రక్రియను తల్లీబిడ్డలు కలిసి చేసే ప్రకృతి కళగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. సాయంత్రానికి నీటిలో కలిసిపోయే పూలపేర్పులో నిలిచేది రూపం కాదనీ, బిడ్డ చేతికి అబ్బిన నేర్పే దాని అసలు ఫలమనీ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆ ప్రాతిపదికపై నేటి మార్పులను అంచనా వేయడానికి ఒక విమర్శప్రమాణాన్ని సూచిస్తుంది.

కీలకపదాలు: బతుకమ్మ, బొడ్డెమ్మ, పేర్పు, ప్రకృతి కళ, క్షణికత, తల్లీబిడ్డలు, కళాభ్యాసం.

1. ఉపోద్ఘాతం:

తెలంగాణలో భాద్రపద అమావాస్యనాటి ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై, ఆశ్వయుజ శుద్ధ అష్టమినాటి సద్దుల బతుకమ్మతో ముగిసే పండుగ బతుకమ్మ. కొన్ని ప్రాంతాల్లో ఏడో రోజుకే సద్దులు జరుపుతారు. 2014లో రాష్ట్రం ఏర్పడిన తర్వాత ప్రభుత్వం దీన్ని రాష్ట్ర పండుగగా గుర్తించింది. ఆనాటి నుంచి బతుకమ్మపై రచనలు విరివిగా వెలువడుతున్నాయి. అయితే వాటిలో ఎక్కువ భాగం మూడు అంశాల చుట్టూ తిరుగుతాయి: పండుగ పుట్టుకను చెప్పే కథలు, పాటల్లోని వస్తువు, తెలంగాణ అస్తిత్వంలో పండుగకున్న స్థానం.

ఈ మొగ్గుకు కారణం లేకపోలేదు. బిరుదురాజు రామరాజు ‘తెలుగు జానపద గేయసాహిత్యము’ (1958) జానపద గేయ పరిశోధనకు విశ్వవిద్యాలయ స్థాయిలో బలమైన పునాది వేసింది. అప్పటి నుంచి సేకరణ, పాఠనిర్ణయం, వర్గీకరణ అనే పద్ధతులు స్థిరపడ్డాయి. పాట రాతకు లొంగుతుంది, పాఠాంతరాలతో పోల్చడానికి వీలిస్తుంది. పూలపేర్పు అలా కాదు. మధ్యాహ్నం రూపం దిద్దుకుని, సంజెవేళ వాకిట్లోనో గుడి ముందో కొలువుదీరి, చీకటిపడేసరికి చెరువులో కలుస్తుంది. మిగలని వస్తువును పరిశోధన పక్కన పెట్టడంలో ఆశ్చర్యం లేదు. కాని ఆ పక్కన పెట్టడం వల్ల బతుకమ్మ పాడే సాహిత్యంగానే నిలిచి, చేతులు పండించే కళగా గుర్తింపుకు దూరమైంది.

పూలతో రూపకల్పన చేయడాన్ని కళగా లెక్కించడం భారతీయ సంప్రదాయానికి కొత్త కాదు. వాత్స్యాయనుడు ‘కామసూత్రాల’లో చెప్పిన అరవైనాలుగు కళల్లో బియ్యంతోనూ పూలతోనూ ఆకృతులు తీర్చే ‘తండులకుసుమబలివికారాలు’, పూలు పరిచే ‘పుష్పాస్తరణం’, మాలలు కట్టే ‘మాల్యగ్రథనం’ విడివిడిగా ఉన్నాయి. అయితే ఆ జాబితా నాగరకుల విద్యలకు సంబంధించినది. బతుకమ్మ చేలగట్ల మీది పూలతో, పనిచేసే చేతులతో రూపొందేది. అందువల్ల దాని సౌందర్యాన్ని శాస్త్రగ్రంథాల పరిభాషకన్నా అది వాడుకునే మాటల నుంచి, అది జరిగే తీరు నుంచి గ్రహించడం సముచితం.

2. ‘పేర్చు’ అనే క్రియ:

తెలుగులో ఒక్కొక్క కళకు ఒక్కొక్క క్రియ స్థిరపడింది. ముగ్గు వేస్తారు, బొమ్మ గీస్తారు, మాల కడతారు, బుట్ట అల్లుతారు. బతుకమ్మను మాత్రం పేరుస్తారు. ఇదే క్రియను కట్టెలకు, పిడకలకు, ఇటుకలకు వాడతారు. అంటే ఇది అలంకారానికి సంబంధించిన మాటకన్నా శ్రమకు సంబంధించిన మాట. ఒకదానిపై ఒకటి నిలిచేలా, పక్కకు ఒరిగిపోకుండా, కింది వరుస పై వరుసను మోసేలా అమర్చడం ఇందులోని అర్థం.

ఈ క్రియ బతుకమ్మ సౌందర్యాన్ని సూటిగా నిర్వచిస్తుంది. మాలలో పూలను దారం కలుపుతుంది. రంగవల్లిలో పూలరేకులను నేల మోస్తుంది. పేర్పులో పూలను పూలే మోయాలి. అవసరమైన చోట దారంతో చుట్టినా అది ఆసరా మాత్రమే. వరుసలు సమంగా లేకపోతే దారం నిలబెట్టలేదు. కాబట్టి బతుకమ్మలో అందం, నిలకడ వేర్వేరు గుణాలు కావు. వంకరగా పేర్చిన బతుకమ్మ చూపుకు బాగుండదు, ఎత్తుకు నడిస్తే నిలవదు. బిడ్డకు తల్లి నేర్పే మొదటి పాఠం ఇదే. ఆ పాఠాన్ని తల్లి మాటల్లో చెప్పనవసరం లేదు. ఒరిగిన వరుసను తీసి మళ్లీ పెట్టించడమే పాఠం.

3. పేర్పు నిర్మాణం:

బతుకమ్మకు పీఠం ఇత్తడి తాంబాలమో, అన్నం వార్చే సిబ్బో, వెదురు పళ్లెమో అవుతుంది. దానిపై గుమ్మడి ఆకులో ఆముదపు ఆకులో పరుస్తారు. అంచు వెంట మొదట తంగేడు పూలు వలయంగా పెడతారు. ఆపై గునుగు, కట్ల, బంతి, చామంతి, సీతజడ పూలు లభ్యతను బట్టి వరుస కడతాయి. పైకి పోయినకొద్దీ వలయం చిన్నదవుతుంది. చివరన గుమ్మడి పువ్వు నిలిపి, పసుపు గౌరమ్మను ఉంచుతారు.

ఈ నిర్మాణంలో గునుగు పాత్ర ప్రత్యేకం. వృక్షశాస్త్రం సెలోసియా అర్జెంటియా అని పిలిచే ఈ మొక్క మెట్టచేలలో కలుపు. ఏడాదిలో ఎక్కువ రోజులు రైతు పీకి గట్టున పారేసే మొక్కే ఈ తొమ్మిది రోజులు తలమీద ఊరేగుతుంది. కలుపు తీసిన చేయే పండుగనాడు దాన్ని కళాద్రవ్యంగా మలుస్తుంది. గునుగు తోకలను సమానమైన పొడవుకు తుంచి, కొసలు బయటికి, కాడలు లోపలికి ఉండేలా పేరుస్తారు. కొన్నింటి కొసలను రంగునీళ్లలో ముంచి ఆరబెడతారు. దాంతో తెల్లని వెండి వరుసల మధ్య ఎరుపు, ఆకుపచ్చ, ఊదా వరుసలు వస్తాయి. తంగేడు పసుపును మాత్రం ఎవరూ రంగు మార్చరు.

విమర్శకుడు తరచుగా చూడని భాగం మరొకటి ఉంది. కాడల కొసలు కలిసే చోట నడిమధ్యన ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీని తుంచిన ఆకులతో, కాడల ముక్కలతో, మిగిలిన తంగేడు రెమ్మలతో నింపుతూ పోతేనే పై వరుసకు నేల దొరుకుతుంది. బయటి రంగుల అందం మొత్తం కనిపించని ఈ లోపలి నింపుపై ఆధారపడి ఉంది. లోపల వదులుగా ఉంటే బయటి వరుస కుంగుతుంది. బతుకమ్మ ఎత్తును నిర్ణయించేది పూల రాశికన్నా ఈ నింపులోని బిగువే.

ఆనంద కుమారస్వామి ‘ద ట్రాన్స్‌ఫర్మేషన్ ఆఫ్ నేచర్ ఇన్ ఆర్ట్’ (1934)లో, ప్రకృతి కనిపించే రూపానికి నకలు తీయడం కాక ప్రకృతి పనిచేసే తీరును అనుసరించడం సంప్రదాయ కళ లక్షణమని వివరించారు. బతుకమ్మ పువ్వు బొమ్మ కాదు, మొక్క బొమ్మ కాదు, కొండ బొమ్మ అనీ చెప్పలేము. అయినా వలయాలుగా, కింది నుంచి పైకి, లోపలి బలంతో పెరిగే పద్ధతిలో అది మొక్క పెరుగుదలను పోలి ఉంటుంది. ప్రకృతిని అనుకరించకుండా అనుసరించే కళకు ఇది చక్కని ఉదాహరణ.

4. బిడ్డ చేతి పని: మూడు దశలు:

ఈ కళను నేర్పే బడి లేదు, లిఖిత సూత్రాలు లేవు. నేర్చుకోవడం చేయడంలోనే జరుగుతుంది. ఇళ్లలో సాధారణంగా కనిపించే క్రమాన్ని మూడు దశలుగా గుర్తించవచ్చు.

4.1 ఏరడం: తెల్లవారుజామునే పూలకు బయలుదేరే వారిలో తండ్రులు, అన్నలు, పిల్లలు ఉంటారు. పిల్లలు అక్కడ మొక్కలను పేరుతో, చోటుతో కలిపి గుర్తుపడతారు. తంగేడు బీడుభూముల్లో, గట్ల మీద దొరుకుతుంది. గునుగు చేలల్లో దొరుకుతుంది. గుమ్మడి పువ్వును దడి మీది తీగ నుంచి తెచ్చుకోవాలి. ఏ పువ్వు మధ్యాహ్నానికే వాడుతుందో, ఏది రెండు రోజులు నిలుస్తుందో, దేని కాడను ఎంత పొడవున తుంచాలో ఇక్కడే తెలుస్తుంది. కళాసామగ్రి ఎంపిక, వృక్షపరిచయం ఈ దశలో ఒకే పని.

4.2 అందించడం, నింపడం: ఇంటికి చేరాక పూలను వేరుచేయడం, గునుగును సమంగా కత్తిరించడం, కట్టలు కట్టడం, రంగులద్దడం పిల్లల వంతు. తల్లి పేరుస్తుంటే బిడ్డ అందిస్తుంది. వరుస పూర్తయినప్పుడల్లా నడిమి ఖాళీలో ఆకులూ కాడలూ కూరుతుంది. జీన్ లేవ్, ఎటియెన్ వెంగర్ ‘సిచ్యుయేటెడ్ లర్నింగ్’ (1991)లో, కొత్తగా చేరిన వ్యక్తి పని అంచున ఉండి నిజమైన భాగస్వామ్యంతోనే క్రమంగా నడిమికి చేరడాన్ని అభ్యాసానికి మూలంగా వివరించారు. బతుకమ్మలో ఈ సూత్రం ఒక విశేషంతో వర్తిస్తుంది. నేర్చుకునే దశలో బిడ్డ అంచున ఉన్నట్టు కనిపించినా, ఆ చేతి పని పేర్పు నడిమధ్యనే ఉంది. బిడ్డకు ఇచ్చింది ఉత్తుత్తి పని కాదు. బిడ్డ సరిగా నింపకపోతే తల్లి పేర్చినది నిలవదు.

4.3 పేర్చడం: పెద్ద బతుకమ్మ పక్కన చిన్న బతుకమ్మను తోడుగా ఉంచడం చాలా ఇళ్లలో ఆచారం. దీన్ని తోడు బతుకమ్మ అనీ, పిల్ల బతుకమ్మ అనీ అంటారు. బిడ్డ సొంతంగా పేర్చే తొలి బతుకమ్మ తరచుగా ఇదే. మిగిలిన పూలతో, చిన్న పళ్లెంలో రూపొందినా ఇది ఆటవస్తువుగా పక్కకు పోదు. పెద్దదానితోపాటు పూజ అందుకుంటుంది, దానితోపాటే నీళ్లకు వెళుతుంది. నేర్చుకునేవారి పనిని నేర్పేవారి పనితో సమానంగా కొలువుదీర్చే ఏర్పాటు కళాభ్యాసంలో అరుదైనది. తల్లి పనిని చూసి బిడ్డ అనుకరించడం ఇందులో సగమే. రెండు బతుకమ్మలు పక్కపక్కన నిలిచినప్పుడు బిడ్డ తన వరుసలను తల్లి వరుసలతో పోల్చుకోవడం మిగతా సగం. విమర్శ చేసే చూపు అక్కడ మొదలవుతుంది.

ఈ క్రమానికి ముందుమాట వంటిది బొడ్డెమ్మ. బతుకమ్మకు ముందు భాద్రపద బహుళ పక్షంలో పెళ్లికాని ఆడపిల్లలు పుట్టమన్నుతో బొడ్డెమ్మను రూపొందించి ఆడతారు. పీట బొడ్డెమ్మ, గుంట బొడ్డెమ్మ, పందిరి బొడ్డెమ్మ, అంతరాల బొడ్డెమ్మ వంటి భేదాలున్నాయి. అంతరాలుగా మట్టిని మెత్తడంలో, కింద వెడల్పుగా పైన సన్నగా రూపం నిలపడంలో బతుకమ్మ ఆకృతి సూత్రం ముందే చేతికి పరిచయమవుతుంది. మట్టి తప్పును దిద్దుకోనిస్తుంది. పూలు అంతగా దిద్దుకోనివ్వవు. మట్టి తర్వాత పూలు రావడంలో అభ్యాసక్రమం దృష్ట్యా చక్కని పొందిక ఉంది.

5. క్షణికత, సాగనంపడం:

ఆకులు, పూలు, రాళ్లు, మంచుతో ఆరుబయట తాత్కాలిక రూపాలు తీర్చే బ్రిటన్ కళాకారుడు ఆండీ గోల్డ్స్‌వర్దీ పేరు ప్రకృతి కళ చర్చలో తప్పక వస్తుంది. ఆయన రూపాలు గాలికి చెదురుతాయి, నీటికి కరుగుతాయి. వాటిని లోకానికి చేర్చేది ఛాయాచిత్రం. అక్కడ వస్తువు పోయినా చిత్రం మిగులుతుంది, చిత్రంతోపాటు కళాకారుడి పేరు మిగులుతుంది. బతుకమ్మకు ఛాయాచిత్రం ఇటీవలి చేర్పు. అది లేని తరాలలోనూ ఈ కళ కొనసాగింది. వస్తువు పోయాక మిగిలింది వచ్చే ఏడు మళ్లీ పేర్చగల చేయి. ఒక కళ తన జ్ఞాపకాన్ని ఎక్కడ దాచుకుంటుందన్న ప్రశ్నకు ఈ రెండూ భిన్నమైన సమాధానాలు.

బతుకమ్మను నీటిలో వదలడానికి పత్రికలు ‘నిమజ్జనం’ అంటున్నా, జనం నోట ‘సాగనంపడం’ అన్న మాట ఉంది. అత్తవారింటికి వెళ్లే ఆడబిడ్డకు వాడే మాట ఇది. పెళ్లైన ఆడబిడ్డలు ఈ పండుగకు పుట్టింటికి వస్తారు. ఒకప్పుడు తల్లికి పూలందించిన బిడ్డ ఇప్పుడు తల్లి పక్కన సమానంగా కూర్చుని పేరుస్తుంది. ఆమె బిడ్డ ఇద్దరికీ పూలందిస్తుంది. మూడు తరాల చేతులు ఒకే తాంబాలం చుట్టూ చేరే ఈ ఘట్టంలో బతుకమ్మ వస్తువుగా కాక సంబంధంగా దర్శనమిస్తుంది. పేర్చినదాన్ని పోనివ్వడం, పెంచినదాన్ని పంపడం అన్న రెండు అనుభవాలకు భాష ఒకే మాట పెట్టడం యాదృచ్ఛికం అనుకోలేము.

పూలలోని ఔషధగుణాలు చెరువు నీటిని శుద్ధి చేస్తాయన్న వివరణ జనప్రియ రచనల్లో విస్తృతంగా కనిపిస్తుంది. దాని నిజానిజాలు విజ్ఞానశాస్త్రం తేల్చవలసినవి. కళావిమర్శ ఆ ప్రయోజనవాదంపై ఆధారపడనవసరం లేదు. నీటిని శుద్ధి చేసినా చేయకపోయినా బతుకమ్మ కళగా నిలుస్తుంది.

6. ఉమ్మడితనంలోని పరిమితులు:

తల్లీబిడ్డల సృజనను కొనియాడేటప్పుడు అందులోని అసమానతను దాచడం విమర్శకు తగదు. ఏరడంలో కొడుకు, కూతురు ఇద్దరూ ఉంటారు. పేర్చడం, ఆడడం, పాడడం దగ్గరకు వచ్చేసరికి కొడుకు చాలా చోట్ల పక్కకు తప్పుకుంటాడు. పెద్ద బతుకమ్మలను పేర్చడంలో మగవారు చేయి వేసే ఇళ్లు ఉన్నా, ఆ నేర్పు వారి గుర్తింపులో భాగం కాలేదు. అందువల్ల తండ్రి పాత్ర ఆచరణలో ఉండి, వర్ణనలో లేకుండా పోయింది. పరిశోధకులు తండ్రి చేతిని విస్మరించినప్పుడు ఆ కళను ఆడవారి ‘సహజగుణం’గా చూపే ప్రమాదం ఉంది. అది సహజగుణం కాదు, ఏళ్లతరబడి సాధించిన నైపుణ్యం.

అలాగే పండుగ అందరిదే అన్నా, ఆటస్థలం అన్ని ఊళ్లలోనూ అందరికీ ఒకటిగా లేదు. కులాన్ని బట్టి వేరువేరు చోట్ల బతుకమ్మలు ఆడిన ఊళ్లు ఉన్నాయి. పూలు ఏరే చేలు ఎవరివన్న ప్రశ్న కూడా దీనితో ముడిపడి ఉంది. ఈ కోణాలను చేర్చుకుంటేనే ‘ఉమ్మడి’ అన్న మాటకు విమర్శలో విలువ.

7. మారిన పరిస్థితులు - విమర్శప్రమాణం:

నేడు పేర్పు మూడు వైపుల నుంచి మార్పుకు లోనవుతోంది. మొదటిది పూల లభ్యత. బీళ్లు ఇళ్లస్థలాలుగా మారిన చోట తంగేడు తగ్గింది. కలుపుమందు చల్లిన చేనిలో గునుగుకు చోటు లేదు. నగరంలో గునుగు, తంగేడు కట్టలుగా బజారుకు వస్తాయి, పేర్చిన బతుకమ్మలే అమ్మకానికి దొరుకుతాయి. రెండోది పరిమాణంపై మోజు. 2016 అక్టోబరులో హైదరాబాద్ లాల్ బహదూర్ స్టేడియంలో 9 వేలకు పైగా మహిళలతో బతుకమ్మ ఆడించడం, 2025లో సరూర్‌నగర్ స్టేడియంలో 60 అడుగులు దాటిన బతుకమ్మను నిలపడం రికార్డుల దృష్టితో జరిగినవి. మూడోది ప్రవాసం. అమెరికా వంటి దేశాల్లోని తెలుగు కుటుంబాలకు తంగేడు, గునుగు దొరకవు. అక్కడి అంగళ్లలో దొరికే చామంతులు, బంతులు, ఇతర పూలతో పేరుస్తారు.

ఈ మూడింటినీ ‘అసలు’, ‘నకిలీ’ అన్న తూకంతో తూచడం తేలిక. కాని ఆ తూకం సంప్రదాయానికే సరిపోదు. దొరికిన పూలతో పేర్చడం, లేనిదాని చోట ఉన్నదాన్ని వాడడం మొదటి నుంచీ ఈ కళలో భాగమే. గునుగుకు రంగులద్దడమూ కల్పనే. కాబట్టి ఏ పువ్వు వాడారన్నది నిర్ణాయక ప్రశ్న కాజాలదు. ఏ చేతులు పేర్చాయి, ఆ చేతుల్లో బిడ్డ చేయి ఉందా అన్నది సరైన ప్రశ్న.

ఈ ప్రమాణంతో చూస్తే అంచనాలు మారతాయి. తంగేడు లేకపోయినా, తండ్రీ తల్లీ బిడ్డా కూర్చుని ఏ పువ్వు బరువు మోస్తుందో, ఏది వాడుతుందో పరీక్షించి పేర్చిన ప్రవాస బతుకమ్మ సంప్రదాయంలోనిదే. బిడ్డ అక్కడ కొత్త నేల పూలను పాత సూత్రంతో చదువుతుంది. మరోవైపు అచ్చమైన తంగేడు, గునుగులతో పేర్చి అమ్మిన బతుకమ్మను కొని, బిడ్డ చేతికిచ్చి ఫొటో తీయించినప్పుడు పూలన్నీ ఉన్నా కళాభ్యాసం లేదు. బహిరంగ వేదికల మీది పెద్ద బతుకమ్మకు ప్రచారప్రయోజనం ఉండవచ్చు. అయితే అంత ఎత్తు పేర్పులో పిల్లలు నింపవలసిన నడిమి ఖాళీ లేదు. అక్కడ బిడ్డ ప్రేక్షకురాలు.

థర్మాకోల్, ప్లాస్టిక్ పూల విషయంలో అభ్యంతరం చెరువు కాలుష్యంతో ముగియదు. వాడని పువ్వుతో పేర్చినప్పుడు వచ్చే ఏడు మళ్లీ పేర్చవలసిన అవసరం పోతుంది. ఏటేటా పేర్చడం పోయిన చోట నేర్పవలసిన సందర్భమూ పోతుంది. ఆ రకంగా చూస్తే పూలు వాడిపోవడం ఈ కళకు లోపం కాదు, రక్షణ.

8. ముగింపు:

పై పరిశీలన ద్వారా కింది అంశాలు తేలుతున్నాయి.

1. బతుకమ్మ పరిశోధన పాటకు పరిమితం కాకుండా పేర్పును స్వతంత్ర కళారూపంగా స్వీకరించవలసి ఉంది. ‘పేర్చు’, ‘సాగనంపు’ వంటి మాటల్లోనే దాని సౌందర్యసూత్రాలు ఉన్నాయి.

2. బయటి వరుసల అందం లోపలి నింపుపై నిలుస్తుంది. ఆ నింపు సాధారణంగా పిల్లల చేతి పని. కాబట్టి బతుకమ్మ కర్తృత్వం ఒక్కరిది కాదు, తరాల మధ్య ఉమ్మడిది.

3. ఏరడం, నింపడం, పేర్చడం అనే క్రమం వృక్షజ్ఞానాన్ని, చేతినేర్పును, పోల్చిచూసే దృష్టిని ఒకేసారి అందిస్తుంది. బొడ్డెమ్మ దానికి భూమిక, పిల్ల బతుకమ్మ దాని తొలి ఫలం.

4. తండ్రి, కొడుకుల పాత్రను, కులపరమైన హద్దులను గుర్తించకుండా చేసే ప్రశంస అసమగ్రం.

5. మార్పులను అంచనా వేయడానికి పూల అచ్చతనం, పేర్పు ఎత్తు ప్రమాణాలు కావు. పేర్పులో బిడ్డకు దక్కిన పని ప్రమాణం.

తెలంగాణ పాఠశాలలకు బతుకమ్మ, దసరా సెలవులు ఇస్తున్నారు. పండుగకు సమయం ఉంది, గుర్తింపు ఉంది. కొరవడుతున్నది మధ్యాహ్నం పూట తల్లి పక్కన తాంబాలం ముందు బిడ్డ కూర్చునే చోటు. పాటల సేకరణకు పూనుకున్న తరం వల్ల పాటలు నిలిచాయి. పేర్పును అలా పుస్తకంలోకి ఎక్కించి నిలపలేము. పూలందించే చిన్న చేయి ఉన్న ఇళ్లలోనే అది నిలుస్తుంది. ఆ ఇళ్లలో జరిగే పనిని ప్రాంతాలవారీగా, పూలవారీగా, చేతులవారీగా నమోదు చేయడం జానపద పరిశోధన ముందున్న తక్షణ కర్తవ్యం.